పాట యెవరిది?

మా వృత్తి బోధనము. ప్రశ్న లడుగుటయు, వచ్చిన యుత్తరము సరియో తప్పో తేల్చుటయు మాకు నిత్యకృత్యములు. ఇరువదియేండ్లకు పైగా ఈ పని చేసిన మాకు, మే మిచ్చిన తీర్పులలో ఒకటి మాత్రము నేటికిని మనస్సును విడువకున్నది. అది యొక పాటను గుఱించినది. చదువరులలో ఆ పాట నెఱుగనివా రుండరు. కావున దాని కథతోపాటు మా తప్పును గూడ ఇచట విన్నవించుకొనుచున్నాము.

విశాఖపట్టణములో ఉక్కు కర్మాగారమునకు చేరువనున్న యొక బడిలో మేము తెలుగు చెప్పుచుంటిమి. అది 2012వ సంవత్సరము, ఆగస్టు నెల. స్వాతంత్ర్యదినోత్సవమునకై పిల్లలకు 'తెలుగు వీర లేవరా' యను పాట నేర్పుచుంటిమి. నేర్పుచుంటిమనుట మాటవరుసకే. పండుగకు మైకుసెట్టు పెట్టిన ప్రతి వీథిలోను వినబడు ఆ పాట మా పిల్లలకు అంతకుముందే నోటికి వచ్చియుండెను. ఎనిమిదవ తరగతిలో "ఈ పాట యెవరిది?" అని యడిగితిమి. ఒక పిల్లవాడు "కృష్ణగారిదండీ" అనెను. మఱియొకడు "ఘంటసాలగారిదండీ" అనెను. వెనుక బల్లమీద నొక బాలిక యుండెను. ఆమె తండ్రి చింతపల్లి కొండలనుండి దిగివచ్చి కాంట్రాక్టరు క్రింద కూలిపని చేసికొనుచుండెను. ఎప్పుడును నోరు మెదపని యా పిల్ల లేచి, "మావోళ్లదండి, మాష్టారూ" అనెను. తరగతి యంతయు గొల్లుమన్నది. మేమును నవ్వితిమి. "తప్పు, కూర్చో" అని, నల్లబల్లమీద పెద్ద యక్షరములతో 'శ్రీశ్రీ' అని వ్రాసి, "ఆయన మన ఊరివాడు" అని గర్వముతో చెప్పితిమి.

మేము చెప్పినది అబద్ధము కాదు. శ్రీరంగం శ్రీనివాసరావుగారు 1910లో విశాఖపట్టణముననే జన్మించిరి. 1935లో ఇచటి ఎ.వి.ఎన్. కళాశాలలో డెమాన్‌స్ట్రేటరుగా పనిచేసిరి. 1950లో 'మహాప్రస్థానము' గ్రంథముగా వెలువడినది. ఆ యేటనే 'ఆహుతి' యను డబ్బింగు చిత్రముతో ఆయన సినిమాపాటల వృత్తిలో ప్రవేశించిరి. జీవనోపాధికై ఎన్నెన్నో పాటలు వ్రాసిన యా చేతితోనే, అఱువది దాటిన వయస్సులో, 'అల్లూరి సీతారామరాజు' చిత్రమునకు ఈ పాటను వ్రాసిరి. ఛందస్సు చెప్పుకొని బ్రతుకు మావంటివారికి దీనియందు మొదట తోచునది మూడు మాత్రల నడక. బరువు మోసికొని కొండ నెక్కువాడు అడుగు తప్పకుండ పాడుకొనదగిన నడక యది. సమాసములు తక్కువ, క్రియలే యెక్కువ, అవియు ఎదుటివానిని లెమ్మని, నడువుమని ఆజ్ఞాపించు క్రియలు.

ఆ చిత్రము 1974 మే 1వ తేదీన విడుదలయినది. కృష్ణగారికి అది నూఱవ చిత్రము. తెలుగున మొదటి సినిమాస్కోపు చిత్రము. అందులో చాలభాగము చింతపల్లి ప్రాంతముననే తీయబడినది. రచన త్రిపురనేని మహారథిగారిది. దర్శకులు వి. రామచంద్రరావుగారు పని ముగియకమునుపే గతించిరి. మిగిలినదానిని కృష్ణగారు, కె.ఎస్.ఆర్. దాసుగారు పూర్తిచేసిరి. పాటకు బాణీ కట్టినవారు ఆదినారాయణరావుగారు. ఘంటసాలగారు వి. రామకృష్ణగారితో కలసి దీనిని పాడిరి. విజయనగర సంగీతకళాశాలలో విద్య నేర్చిన యా కంఠము 1974 ఫిబ్రవరి 11వ తేదీన మూగవోయినది. చిత్రము ప్రజల యెదుటికి వచ్చునాటికి దర్శకుడును లేడు, గాయకుడును లేడు. పాట మాత్రము రేడియోలోను, గ్రామఫోను రికార్డుమీదను ఊరూర మ్రోగినది. ఆ సంవత్సరపు చిత్రములకు ఇచ్చిన జాతీయ బహుమానములలో ఉత్తమ గీతరచనకుగాను శ్రీశ్రీగారికి పురస్కారము లభించినది.

ఇదంతయు మేము తరగతిలో వర్ణించి చెప్పితిమి. పిల్లలు సంతోషించిరి. ఆ బాలిక మాత్రము తల యెత్తలేదు. పదునైదవ తేదీన అందఱును గొంతెత్తి పాడుచుండగా ఆమె పెదవులు కదలకుండుట మేము చూచితిమి. చూచియు ఊరకుంటిమి.

మఱుసటి వేసవిలో మిత్రులతో గూడి చింతపల్లికి పోయితిమి. నర్సీపట్టణము దాటి, లంబసింగి ఘాటు నెక్కుచుండగా, మా తోడివా రొకరు "ఈ దారి యెవరు వేసిరో యెఱుగుదురా?" అని యడిగిరి. అప్పుడు గాని, చదివి మఱచిన చరిత్ర మాకు జ్ఞప్తికి రాలేదు. 1882 నాటి మదరాసు అటవీచట్టము కొండవాసులకు అడవిని పరాయిదానిని చేసినది. పోడు కొట్టుకొనుట నేరమయినది. వంటకట్టె తెచ్చుకొనుటయు నేరమయినది. దానికితోడు నర్సీపట్టణమునుండి చింతపల్లికి బాట వేయించు నెపమున, గూడెం డిప్యూటీ తహసీలుదారు బాస్టియను వారిచేత వెట్టి చేయించెను. ఇచ్చిన కూలి పేరునకు మాత్రమే. తిరుగుబాటు పుట్టినది ఈ బాటమీదనే. 1922 ఆగస్టు 22, 23, 24 తేదీలలో వరుసగా చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి ఠాణాలపై దాడులు జరిగినవి. 1924 మే 7వ తేదీన కొయ్యూరులో సీతారామరాజు కాల్చిచంపబడువఱకు, దొరతనమువారి పటాలములకు ఎదురు నిలిచినవారు ఈ గూడెములలోని మనుష్యులే. వారు ఆయనకు అన్నము పెట్టిరి, వార్తలు మోసిరి, జైళ్ల పాలయిరి. ఆయనకు కుడిభుజములై నిలిచిన గాము గంటము దొర, గాము మల్లు దొర యను సోదరుల పేర్లు ఎంతమంది బాలురకు తెలియును? గంటము దొర పోరులో కూలెను. మల్లు దొర దీర్ఘకాలము శిక్ష యనుభవించి, 1952లో మా విశాఖపట్టణమునుండియే లోక్‌సభకు ఎన్నికయ్యెను. శ్రీశ్రీ మన ఊరివాడని చాటిన మాకు, మన ఊరు పార్లమెంటుకు పంపిన ఈ కొండదొర పేరు నల్లబల్లమీద వ్రాయవలెనని తోచనే లేదు.

ఆ ఘాటుమీద పాటను మఱల మనసులో పాడుకొని చూచితిమి. చిత్రములో దానిని పాడువాడు సీతారామరాజు. మఱి ఆయన లెమ్మని యెవరిని పిలుచుచున్నాడు? తన్ను తాను పిలుచుకొనుట లేదు. ఎదుట నిలిచి వినుచున్నవారిని పిలుచుచున్నాడు. పాటలోని వీరుడు పాడువాడు కాడు, వినువాడు. ఇన్నేండ్లు మూడు మాత్రలను లెక్కించిన మాకు ఈ సంబోధనావిభక్తి కనబడలేదు. పదమూడేండ్ల బాలికకు కనబడినది. "మావోళ్లది" యని ఆమె చెప్పిన యుత్తరము తప్పు కాదు. మేము వ్రాసిన యుత్తరముకంటె అది లోతయినది.

తెలుగున 'మా' యనియు 'మన' యనియు రెండు మాట లున్నవి. ఇంగ్లీషున ఈ భేదము లేదు, సంస్కృతమునను లేదు. 'మన' యన్నప్పుడు ఎదుటివానిని గూడ చేర్చుకొందుము. 'మా' యన్నప్పుడు వెలుపల నుంతుము. ఆనాడు మేము 'మన ఊరివాడు' అంటిమి గాని, ఆ 'మన'లో వెనుక బల్లకు చోటీయలేదు. అందుచేతనే ఆమె 'మా' యనవలసివచ్చినది.

2021 జనవరిలో ఉక్కు కర్మాగారమును ప్రైవేటుపరము చేయుటకు కేంద్రము నిర్ణయించినపిమ్మట, కూర్మన్నపాలెము దీక్షాశిబిరముప్రక్కగా పోవుచు ఈ పాటనే మైకులో వింటిమి. కార్మికులు వినుచుండిరి. కర్మాగారమునకై భూములు విడిచిన పల్లెలవారును వినుచుండిరి. ఎవరికివారు తమ్మే పిలుచుచున్నట్లు వినుచుండిరి. పాట వ్రాసినవానిది, పాడినవానిది. కాని అందులోని పిలుపునకు కష్టపడి బదులు పలికినవారికి అందులో మొదటి పాలు గలదు. గూడెములనుండి గర్భిణులను డోలీలలో మోసికొని దిగు వార్తలను ఇటీవలి సంవత్సరములలో గూడ పత్రికలలో చదువుచునేయున్నాము. వెట్టిచేసి బాట వేసినవారి సంతతికి బాట లేకుండగా, వారి పాటను మనము పండుగనాడు పాడుకొని చప్పట్లు కొట్టుకొనుట న్యాయమా?

చింతపల్లినుండి వచ్చినపిమ్మట, బడులు తెఱచిన మొదటిదినమున ఆమెను పిలిచి, "నీవు చెప్పినదే సరి" యని తరగతి యెదుట చెప్పవలెనని పోయితిమి. ఆ బల్ల ఖాళీగా నుండెను. తండ్రికి పని పోయి, కుటుంబము కొండకు తిరిగిపోయినదని తోడిపిల్లలు చెప్పిరి. తిరిగి ఆమెను మేము చూడలేదు.

నేటికిని ప్రతి ఆగస్టులోను "ఈ పాట యెవరిది?" అని యడుగుచున్నాము. శ్రీశ్రీ పేరు వ్రాయుచున్నాము. దాని క్రింద గంటము దొర, మల్లు దొరల పేర్లు వ్రాయుచున్నాము. వెనుక బల్లమీదివారిని మొదట అడుగుచున్నాము. ఆమెకు చెప్పవలసిన మాట మాత్రము చెప్పక మిగిలిపోయినది. ఎచటనైన ఈ పుట ఆమె కంట బడునేమో యను నాసతో దీనిని వ్రాసితిమి.