ఆత్మకూరు పియానోకు కొత్త తీగ

ఆత్మకూరులో పియానో ఉందంటే నెల్లూరులో కూడా ఒక పట్టాన నమ్మరు. అయినా పడమటి పాట ఈ మెట్ట సీమకు కొత్తదేం కాదు. 1840లో నెల్లూరు చేరిన అమెరికన్ బాప్టిస్టు మిషనరీలు ఆ శతాబ్దం ముగిసేలోగా ఉదయగిరిలో, ఆత్మకూరులో మకాం పెట్టారు. చర్చిల్లో హార్మోనియం నిలిచింది. పియానో మాత్రం అరుదు. నేను చూడబోయింది రిటైరైన ఒక టీచరమ్మ చెన్నైలో పాతది కొని తెచ్చుకున్న చిన్న నిలువు పియానో. దానికి రెండు తీగలు తెగాయి.

బాగుచేసే మాస్టారు చెన్నై నుంచి వస్తూ నాకో పని పురమాయించారు: ఉదయగిరిలో గట్టి చెక్కతో జానెడు పుల్ల చెక్కించి, కొనకు సన్నటి గాడి పెట్టించి తెమ్మన్నారు. భౌగోళిక గుర్తింపు పొందిన చెక్క గరిటెల ఊరు కదా, కొండకోట నీడన పనిచేస్తున్న ఒకామె దగ్గర కూర్చున్నాను.

"ఇదేంది సార్, గరిటె లేని కాడ మాదిరి ఉండాది?" అని నవ్వింది. సంగతి చెప్పాను. నర్ది చెక్క ముక్కలు రెండు పక్కన పెట్టేసి మూడోది తీసుకుంది. "గాడి పెట్టాలంటే పోగు నిలువునా సాగాల. అడ్డం పోయిందా, కొన పగులుద్ది." ఆకురాయితో నున్నగా రుద్ది చేతికిచ్చింది.

ఆత్మకూరు చేరేసరికి మాస్టారు పియానో ముందు పలక తీసి, సుత్తుల చట్రాన్ని మొత్తంగా ఎత్తి మంచం మీద పెట్టి ఉన్నారు. లోపల రెండు వందలకు పైగా ఉక్కు తీగలు. ఒక్కో తీగను సుమారు 70 కిలోల బరువు లాగుతున్నట్టే లెక్క. అన్నీ కలిస్తే 15 టన్నుల దాకా పోతుంది. ఆ బిగువును మోసేది వెనకున్న పోత ఇనుప చట్రం.

"గిటారు తీగ ఏస్తే సరిపోదా మాస్టారూ?" అని టీచరమ్మ మనవరాలు అడిగింది.

"ఆ బిగువుకు, ఆ పొడవుకు కుదరదమ్మా. దీని లావు దీనికే ఉండాలి." తుప్పులేని చోట మైక్రోమీటరు పెట్టి కొలిచారు: 0.95 మిల్లీమీటర్లు, అంటే పదహారున్నర నంబరు తీగ. తెగిన చోటు చూపించారు. పిన్ను దిగువన తీగ వంగే మలుపులో తుప్పు పట్టింది. తుప్పు తీగను ఆ మలుపుకు అతికించేస్తుంది. అలాంటి తీగను ఒక్కసారిగా బిగిస్తే అక్కడే తెగుతుంది. అందుకే శ్రుతి పెంచే ముందు ప్రతి తీగనూ వెంట్రుకవాసి వదులు చేసి, పట్టు విడిపించి, ఆ తర్వాతే పైకి లాగుతారట.

ఈ తీగ ఒక పిన్ను దగ్గర మొదలై, కింది మేకును చుట్టి, పక్క పిన్నుకు తిరిగి వస్తుంది. తెగింది ఒకచోటే అయినా రెండు తంతులు పోయినట్టే. వీణ బిరడాల్లాంటి ఆ ఉక్కు పిన్నులను మాస్టారు ముందుగా మూడు చుట్లు వెనక్కి తిప్పారు. కొత్త తీగను పిన్ను దాటి నాలుగు వేళ్ల వెడల్పు వదిలి కత్తిరించారు. అది మూడు చుట్లకు సరిపోతుంది. చుట్లు ఒకదానికొకటి ఆనుకునేలా సర్దాక ఉదయగిరి పుల్ల అందుకున్నారు. గాడిని తీగ మీద ఆనించి, బ్రిడ్జి మేకుల దగ్గర చెక్కకు ఆనేదాకా మెల్లగా తట్టారు. ఇనుముతో తడితే తీగ మీద గాటు పడుతుంది.

రెండోది రాగి చుట్టిన మంద్ర తీగ. అది పిన్ను దగ్గరే తెగింది కాబట్టి మాస్టారు కొత్తది కోరలేదు. "కొత్తది వేస్తే జోడీ తీగతో గొంతు కలవదు. పాతదే నయం," అంటూ మిగిలిన కొనకు కొత్త ఉక్కు ముక్కను ముడేశారు. రెండు ఉచ్చులు ఒకదానిలో ఒకటి దూరి, లాగిన కొద్దీ బిగుసుకునే ముడి అది. మోగే భాగానికి బయట ఉండడంతో స్వరానికి అడ్డు రాదు.

పనంతా మధ్యాహ్నానికే అయిపోయింది. అసలు చిక్కు ఆ తర్వాతే. కొత్త ఉక్కు సాగుతుంది. కాసేపటికే శ్రుతి జారింది, మళ్లీ లాగారు, మళ్లీ జారింది. కొన్ని నెలలు ఇలాగే ఉంటుందట. 1842లో మొదలైన మ్యూజీ మ్యూజికల్ లాంటి దుకాణమున్న చెన్నైలోనైతే మనిషి మళ్లీ మళ్లీ వస్తాడు. ఆత్మకూరుకు ఎవరొస్తారు?

మాస్టారు ట్యూనింగ్ తాళం మనవరాలి చేతిలో పెట్టారు. ఆ స్వరానికున్న మూడు తంతుల్లో పాతదాన్ని మాత్రం మోగనిచ్చి, కొత్తవాటికి రబ్బరు ముక్కలు దూర్చారు. ఒక్కో ముక్క తీసి, పాతదానితో కలిపి వినమన్నారు. అల అల్లాడినట్టు వినిపిస్తే శ్రుతి కలవలేదన్నమాట. అల నెమ్మదించి ఆగిపోతే కలిసినట్టు. "పిన్నును వంచొద్దు, తిప్పు. మిగతా తీగల జోలికి పోవద్దు," అన్నారు.

ఆ పిల్ల మొదటిసారి ఎక్కువ లాగింది, తగ్గించింది, రెండోసారికి అల ఆగింది. పల్లెటూళ్లో ఇలాంటి వాయిద్యం బతకాలంటే వందల కిలోమీటర్ల అవతల ఒక నిపుణుడు ఉంటే చాలదు, ఇంట్లో ఒక చెవి తయారు కావాలి. తాళం ఆమె దగ్గరే వదిలేసి మాస్టారు చెన్నై బస్సెక్కారు.