బడికి యంత్రము తెచ్చుటకు ముందు

ఇంటికొక మిక్సీ కొనవలెనన్నను గృహిణి పలు సంగతుల నాలోచించును. దానిని నిలుపు చోటేది? అచట ప్లగ్గు కలదా? చెడినచో బాగుచేయువాడు ఊరిలో నున్నాడా? దినదినమును కడిగి తుడుచువారెవరు? ఇవి యన్నియు తేలిన పిదపనే కదా మనము డబ్బు మూట విప్పుదుము! బడికి కంప్యూటర్లు కొనువేళ మాత్రము ఈ ప్రశ్నలడుగువారు అరుదు. అడుగవలసినవారు మన స్త్రీలే యని తెలుపుటకై, గద్వాల సీమలో మాకు కలిగిన యనుభవము నొకదానిని సోదరీమణులకు విన్నవించుచున్నాము.

గడచిన వేసవిలో మావారు పనిచేయు ఉన్నత పాఠశాలకు పూర్వవిద్యార్థులు కొందరు శక్తికొలది ధనమిచ్చుటకు ముందునకు వచ్చిరి. దానితో బడిలో డిజిటల్ విద్య నెట్లు నెలకొల్పవలెనో మూడేండ్ల ప్రణాళిక వ్రాయుడని కోరిరి. ఆ యాలోచన మా యింటి యరుగుమీదనే జరిగినది. గోడనిండ తెర యుండవలెనని యొకరనిరి. పిల్లకొక ట్యాబ్లెట్టు ఇచ్చిన చాలునని వేరొకరనిరి. గదికి రంగు వేయించి దాతల పేర్లు పలకపై చెక్కింపవలెనని మరియొకరు పలికిరి. టీ గ్లాసులతో గడపయొద్ద నిలిచిన మాకు ఆ మాటలలో నొక్క పిల్లయు కానరాలేదు. కాని మా కనులయెదుట నొక బాలిక నిలిచెను.

అది 2020వ సంవత్సరము. మార్చి నెలలో బడులు మూతపడెను. సెప్టెంబరు 1వ తేదీనుండి ప్రభుత్వమువారు దూరదర్శన్ యాదగిరి, టీశాట్ ఛానళ్ల ద్వారా పాఠములు చెప్పించుట కారంభించిరి. మా వీధి చివరి యింట తొమ్మిదవ తరగతి చదువు బాలిక యొకతె యుండెను. వారి టీవీ చెడిపోయి మూలబడి యుండెను. ఉన్న ఫోను ఒక్కటే. పాఠములు వినుచున్నదా యని మేమొకనాడు ఆమె తల్లి నడిగితిమి.

“ఫోను పొద్దుగాల వాళ్ల నాయిన పట్టుకపోతడు. మాపటికి పిల్లగాడు ఇయ్యడు. ఇగ దీనికేడ దొరుకుతదమ్మా? ఊకె కూసునుడెందుకని పత్తి చేన్లకు తీస్కపోతున్న” అని ఆమె చెప్పెను.

ఎరుగనివారికై చెప్పుచున్నాము. మా జిల్లా సంకరజాతి విత్తనపత్తికి పేరుపడినది. సాయంకాలము మొగ్గను విప్పి మగకేసరములను తీసివేయుట, మరునాటి యుదయమున వేరొక పూవు పుప్పొడిని దాని కంటించుట, ఇది యంతయు చేతిపని. దీనిని ఇచ్చట క్రాసింగు అందురు. ఒక్కొక్క పూవును తాకవలసియున్నందున కూలీలు మిక్కిలిగా కావలసివత్తురు, చిన్నచేతులనే వెదకుకొందురు. టీవీలో పాఠములు మొదలైన దినములును, ఆ పని ముమ్మరముగా సాగు దినములును ఒక్కటే యయ్యెను.

మా యింట టీవీ బాగుగనే యుండెను. చిన్ననాడు మా తండ్రిగారు వ్యాసపీఠముపై భాగవతము నుంచి చదువుచుండగా వీధివారందరును మా యరుగుపై కూర్చుండి వినుచుండెడివారు. పుస్తక మొకటియే, వినువారు పలువురు. మేము చదువు నేర్చినదే ఆ యరుగుమీద. ఇది యెరిగియు, రోగభయముచేతనో, ఉపేక్షచేతనో, టీవీని కిటికీవైపు త్రిప్పి ఆ పిల్లను అరుగుమీద కూర్చుండుమని మేము పిలువమైతిమి. బడులు తెరచిన పిదప ఆమె మరల రాలేదు. పదునెనిమిది నిండగనే పెండ్లి యయ్యెను.

ఈ సంగతిని ఆనాడు అరుగుమీద కూర్చున్నవారికి చెప్పితిమి. కొంతసేపు ఎవరును మాటాడలేదు. “అయిన, ముందేమి చేయవలెనందువు?” అని మావారడిగిరి. కొనుటకు ముందు లెక్క చూడవలెనంటిమి.

మేమును ఇరుగుపొరుగు స్త్రీలు మువ్వురును రెండు వారములు ఇల్లిల్లు తిరిగితిమి. ఫోనున్నదా యని యడిగిన ప్రతియింటను ఉన్నదనిరి. అది పగటివేళ ఎవరిచేత నుండునని యడుగగనే మాట మారెను. కొన్నియిండ్ల రీఛార్జి నెల నడుమనే తీరిపోవును. కొన్నియిండ్ల తాళపుసంకేతము కొడుకు కెరుకయే కాని కూతు రెరుగదు. చదువరాని తల్లులు, పిల్ల చూచునది పాఠమో వినోదమో తమకు తెలియదని భయపడిరి. ఆ భయమును తప్పుపట్టరాదు. విద్వద్గద్వాల యని పేరుగాంచిన సంస్థానపు సీమలోనే, నేటి జోగులాంబ గద్వాల జిల్లాలో, 2011 జనగణన నాటికి అక్షరాస్యులు నూటికి ఏబదిమందికి లోపుగా నుండిరి.

ఇక బడిలోని లెక్క. ఒక గదికి తాళము వేసియుండెను. తెరిపించి చూడగా పాతగుడ్డ క్రింద దుమ్ము పట్టిన కంప్యూటర్లు కానవచ్చెను. ఉమ్మడి రాష్ట్రమున 2008లో 5,000 ఉన్నత పాఠశాలలకు కంప్యూటర్ విద్యను తెచ్చిరి. యంత్రములను నెలకొల్పి అయిదేండ్లు నడుపుట గుత్తేదారుల వంతు. గడువు తీరినంతనే నేర్పువారును వెడలిపోయిరి. అటుపిమ్మట బ్యాటరీ మార్చుట యెవరి పనియో ఏ కాగితమునను లేకుండెను. ఇది మన యొక్కరి పొరపాటు కాదు. దక్షిణ అమెరికాలోని పెరూ దేశమువారు పిల్లలకు పదిలక్షలకు పైగా ల్యాప్‌టాపులు పంచిరి. వానిని పాఠముతో కలుపనందున చదువు మెరుగుపడలేదని యునెస్కోవారి 2023 నివేదిక తెలుపుచున్నది.

మా పొరుగుననున్న వనపర్తిలోనే 2022 మార్చి 8వ తేదీన “మన ఊరు – మన బడి” కార్యక్రమము ప్రారంభింపబడెను. అందు చెప్పిన పండ్రెండు పనులలో డిజిటల్ విద్య యొకటి. నీరుగల మరుగుదొడ్లు, విద్యుత్తు, త్రాగునీరు, బల్లలు, మరమ్మతులు మున్నగునవి తక్కినవి. ఆ పట్టికను చదివినప్పుడు మాకు తోచిన దేమన, తెర యనునది వంటయింటి చివరి యలమర వంటిది. పొయ్యియు నీరును లేనిచోట అలమర యేల?

ఇట్లు చూచుకొని, మావారును తోడి యుపాధ్యాయులును ప్రణాళికను మరల వ్రాసిరి. ధనమంతయు యంత్రములకు వ్యయపెట్టక, కొంత ఇన్వర్టరునకు, కొంత మరమ్మతులకు, కొంత ఉపాధ్యాయుల శిక్షణకు ముందే వేరుచేసిరి. “ఇన్వర్టరుమీద పేరు వ్రాసిన ఎవరు చూతురు?” అని దాత యొకరు చిన్నబుచ్చుకొనిరి. కరెంటు పోయిననాడు పిల్లలందరును చూతురని మేమంటిమి. ఆయన నవ్వలేదు, కాని ధనము నిచ్చిరి.

మొదటి యేడు ఒక్క గది, కొలది యంత్రములు. తాళపుచెవి యిద్దరియొద్ద నుండవలెను. వారిలో నొకరు ఉపాధ్యాయిని. బడి విడిచిన తరువాతి మొదటి గంట ఆడపిల్లలది, చీకటిపడకముందే యిల్లు చేరుటకై. రెండవ యేడు, దీక్షా యను 2017 నాటి జాతీయ వేదికనుండియు, పాఠ్యపుస్తకములలోని క్యూఆర్ కోడులనుండియు పాఠములను దింపుకొని నిలువచేయవలెను. నాగర్‌కర్నూలు జిల్లా అమ్రాబాదు అడవులలోని చెంచుపెంటలలో పలుచోట్ల ఫోనుకు సిగ్నలే యుండదు. అట్టిచోటను పనికివచ్చు పాఠమే మా యూరిలో నెట్టు తెగిననాడును పనికివచ్చును. 2009 అక్టోబరులో కృష్ణా తుంగభద్రల వరద అలంపురమును ముంచినది కావున, యంత్రములను నేలమీద గాక ఎత్తైన బల్లలపై నుంచవలెనని కూడ వ్రాసిరి.

తల్లుల భయమునకును చోటిచ్చిరి. పిల్లల ఫొటోలు, ఫోను నెంబర్లు ఎవరికిని ఊరక ఈయరాదు. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టము పదునెనిమిదేండ్లు నిండనివారి వివరములకు తలిదండ్రుల సమ్మతి కావలెనని చెప్పుచున్నది. ఆన్‌లైనులో ధనము మోసపోయినవారు వెంటనే పిలువవలసిన 1930 అను నెంబరును గది తలుపుపై పెద్ద యక్షరములతో వ్రాసిరి.

గద్వాల చీరను ఎరుగని స్త్రీ యుండదు. ఒడలు నూలు, అంచు పట్టు. రెంటిని కలుపు చోటనే నేతగాని నేర్పంతయు నున్నది. కలయిక వదులైనచో పట్టెంత మేలిదైనను చీర నిలువదు. బడిలో ఉపాధ్యాయుని బోధ నూలు, యంత్రము పట్టుటంచు. రెంటిని ముడివేయు పనికి ధనమును, దినములును కేటాయింపని ప్రణాళిక వట్టి కొనుగోలు పట్టికయే.

మూడవ యేటి పద్దులో మేము కోరిన మాట యొకటి చేరినది. శనివారము సాయంకాలమున ఆ గది, చదువు నడుమ మానిన స్త్రీలకు తెరచియుండవలెను. సార్వత్రిక విద్యాపీఠము ద్వారా వారు పదవ తరగతి పరీక్ష వ్రాయవచ్చును. ఈ వార్త విని మొన్న ఆ బాలికయే చంకనొక బిడ్డతో మా యింటికి వచ్చినది. సంగతులన్నియు విని, “అప్పుడు మీ టీవీ అరుగుమీద పెట్టినా అయిపోవుగదమ్మా” అన్నది. ఆ మాటలో నిందలేదు. అందుకే మాకు మరింత బరువయ్యెను. ఆమె పేరింకను వ్రాయబడలేదు. అత్తవారి నడిగి చెప్పెదనన్నది. మూడవ యేటివరకు ఆమెను నిలుపనేల యని తలచి, ఈ శనివారమునుండి మా యరుగుమీదనే పాఠము మొదలిడ నిశ్చయించితిమి.

సోదరీమణులారా! మీ యూరి బడికిని నేడో రేపో యంత్రములు వచ్చును. వానిని చూచి సంతసింపుడు. కాని తాళపుచెవి యెవరియొద్ద నుండును, చెడినచో బాగుచేయువారెవరు, మొదటి గంట యెవరిది, అచటికి రాలేని పిల్ల యెవరు అని యీ నాలుగు మాటలు తప్పక యడుగుడు. యంత్రము గూర్చి మనకేమియు తెలియకపోవచ్చును. మన వీధిలో ఏ పిల్ల బడికి పోవుటలేదో మనకు తెలియును.