బ్యాటరీ దిగిపోయిన రాత్రి

మొన్న రాత్రి సంఘంలో ఒక అవ్వకు ఆయాసం ఎక్కువైందని కబురొచ్చింది. ఆసుపత్రికి తీసుకెళ్దామని కారెక్కి తాళం తిప్పాం. డ్యాష్‌బోర్డులో లైట్లు వెలిగాయి గానీ ఇంజను తిరగలేదు. టకటకమని చప్పుడొచ్చి ఆగిపోయింది. లోపలి లైటు ఆర్పడం మరిచి రెండు రోజులైంది. పాత బ్యాటరీ. చిన్న బల్బు వెలగడానికి కాస్త చార్జి చాలు, స్టార్టరు తిరగాలంటే వంద ఆంపియర్లకు పైగా కావాలి.

ఎదురింటాయనకు ట్రాక్టరుంది. గట్టు తగాదాతో ఏడాదిగా మాకూ ఆయనకూ మాటల్లేవు. ఆదివారాలు మాత్రం ప్రేమ గురించి చెబుతూనే ఉన్నాం. మేమూ ఆ బ్యాటరీలాగే ఉన్నాం: ప్రసంగానికి సరిపోయింది, ఆ గేటుదాకా నడవడానికి చాలలేదు.

ఆ రాత్రి నడిచాం. ఆయన ఏమీ అడగలేదు. ట్రాక్టరు తెచ్చి, ఎర్ర వైరు రెండు బ్యాటరీల ప్లస్సులకు కలిపాడు. నల్ల వైరు ఒక కొస ట్రాక్టరు మైనస్‌కు, రెండో కొస మా ఇంజను ఇనుముకు తగిలించాడు. బండి స్టార్టయింది.

"దారిలో ఇంజను ఆపకండి అయ్యగారూ" అన్నాడు. ఏడాదిలో మొదటి మాట అదే.

ఆక్సిజన్ పెట్టాక అవ్వ కుదుటపడింది. తెల్లవారి మేము ఇంటికి రాకముందు ఆయన గేటు దగ్గరే ఆగాం. మీరు ఎవరి గేటు ముందు ఆగాలో ఈ వారం ఆలోచించండి.