తాహితి చేరిన చిత్రకారుడు

1891 ఏప్రిల్ మాసమున పాల్ గోగాన్ అను ఫ్రెంచి చిత్రకారుడు పసిఫిక్ మహాసముద్రమునందలి తాహితి ద్వీపమునకు ఓడ నెక్కెను. అచట ధనముతో పనిలేదనియు, చెట్లే అన్నము పెట్టుననియు, ప్రజలు ప్రాచీన దేవతలను కొలుచుచుందురనియు అతడు నమ్మియుండెను.

జూన్ 9న ఓడ పపీటే రేవు చేరెను. అచట కనిపించిన దేమి? రేకుల కప్పుల యిండ్లు, దుకాణములు, ఫ్రెంచి ఉద్యోగులు! స్త్రీలు మెడనుండి పాదములదాక కప్పు గౌనులు ధరించి చర్చికి పోవుచుండిరి. క్రైస్తవ మతప్రచారకులు 1797లోనే అచట అడుగిడిరి. 1880లో ఫ్రాన్సు ఆ ద్వీపమును తనలో కలుపుకొనెను. కడపటి రాజైన అయిదవ పొమారే, గోగాన్ వచ్చిన మూడవనాడే మరణించెను.

గోగాన్ పట్టణము విడిచి మతాయియా గ్రామమున వెదురు గుడిసెలో కాపురముండెను. చెట్లు కాచినవి, కాని చెట్టెక్కుట అతనికి రాదు, చేపలు పట్టుటయు రాదు. తుదకు చీనా వర్తకుని కొట్టులో డబ్బాల ఆహారము కొని తినవలసివచ్చెను. ధన మక్కరలేదని వచ్చినవానికి ధనమే కరవయ్యెను. పాపము, ఆ ద్వీపము అతని కెట్టి వాగ్దానమును చేసియుండలేదు.

పూర్వదేవతల గాథలు చెప్పువారు దొరకక, 1837లో అచ్చయిన ఒక ఫ్రెంచి గ్రంథమునుండి వానిని ఎత్తి వ్రాసికొనెను. అతని చిత్రములలోని తాహితిలో రేకుల కప్పులు కానరావు. అతడు కన్నులార చూడని దేవతావిగ్రహములు మాత్రము ఠీవిగా నిలిచియుండును.

1893లో చేత చిల్లిగవ్వ లేక స్వదేశమునకు మరలెను. 1895లో తిరిగి తాహితికే వచ్చెను. తాను వెదకునది ఇంకను దూరమున నుండునేమో యని 1901లో మార్కెసాస్ ద్వీపములకు తరలెను. అచట ఇల్లు కట్టుకొనుటకు అతడు స్థలము కొన్నది చర్చివారి యొద్దనే.