చేపలకంటే ముందు నీళ్ళు

పెళ్ళివారికి విడిది సిద్ధం చేసినట్టు, చిన్న చేపలకి ముందుగా నీళ్ళు సిద్ధం చెయ్యాలి. కాని గాజుతొట్టి కొన్న పూటే చేపల్నీ కొనుక్కొచ్చేస్తారు మనవాళ్ళు. మూడోనాటికి అవి వెల్లకిలా తేలతాయి. రాజుపాలెంలో మా తోడికోడలి ఇంట్లో జరిగిందీ అదే. కాకపోతే నింద నీళ్ళమీద కాక, మేత వేసిన ఎనిమిదేళ్ళ పిల్లమీద పడింది. "దీని చెయ్యి మంచిది కాదు" అని ఎవరో అనేశారు. ఆడపిల్ల చేతి సంగతి మన జనానికి ఎంత తొందరగా తెలిసిపోతుందో! అప్పట్నించీ అది మల్లెమొక్కకి నీళ్ళు పొయ్యటం కూడా మానేసింది.

వేసవి సెలవుల్లో నేనక్కడున్న నెలన్నరా ఆ తొట్టి ముందే గడిచింది.

చేప విసర్జించిందీ, తినగా మిగిలిన మేతా కలిసి అమ్మోనియా అవుతుంది. నీళ్ళు తేటగానే కనిపిస్తాయి, విషం మాత్రం ఉంటుంది. ఒక జాతి బాక్టీరియా దాన్ని నైట్రైటుగా మారుస్తుంది. అదీ విషమే. ఇంకో జాతి దాన్ని నైట్రేటు చేస్తుంది. ఇది కాస్త మర్యాదస్థురాలు. వారానికోసారి కొన్ని నీళ్ళు మారిస్తే ఊరుకుంటుంది. ఈ బాక్టీరియా గులకరాళ్ళలో, స్పాంజిలో కాపురం పెట్టటానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. అందాకా వాటి ఆకలికోసం ఖాళీ తొట్టిలోనే రోజూ చిటికెడు మేత వెయ్యాలి.

"ఏందమ్మాయ్, లేని చేపలకి తద్దినం పెడతన్నావా?" అన్నారు మా అత్తగారు.

"పాలు తోడుకోవాలంటే ఆగొద్దూ, అత్తయ్యా?" అన్నాను. ఆ మాట ఆవిడకి నచ్చింది. నిజానికి చాలాకాలంగా చేపలున్న తొట్టిలోంచి స్పాంజి ముక్క దొరికితే, అది అచ్చంగా తోడే. పని తొందరగా అవుతుంది.

పల్నాడు నీళ్ళకి ఇంకో పేచీ ఉంది. మనది సున్నపురాతి నేల. పిడుగురాళ్ళ సున్నం బట్టీలు ఎంత దూరమని! బోరునీళ్ళు కాస్తే గిన్నె అడుగున తెల్లటి పొర కడుతుంది. నీళ్ళలో క్షారం పెరిగినకొద్దీ, ఎండ ముదిరినకొద్దీ అమ్మోనియా కాటు పదునెక్కుతుంది. అంచేత మనం ఇంకా ఓపిక పట్టాలి. అమెజాన్ మెత్తటి నీళ్ళలో పుట్టిన నియాన్ టెట్రాలకి మన నీళ్ళు పడవు. గప్పీలకీ, మోలీలకీ మహా ఇష్టం.

బోరునీళ్ళలో క్లోరిన్ ఉండదు గాని గాలి తక్కువ. ఒకరోజు గాలిపంపు పెట్టి వాడాం. క్లోరిన్ కలిపిన కుళాయినీళ్ళయితే ఒకరోజు బకెట్లో ఉంచాలి.

పరీక్ష చుక్కలు వేసే పని పిల్లకే అప్పగించాను. మా సీసాల్లో పసుపు రంగుంటే అమ్మోనియా లేనట్టు, పచ్చబడితే ఉన్నట్టు. మొదట్లో రోజూ పచ్చనే. "నేనింకా చేపల్ని ముట్టుకోనేలేదు గదా పెద్దమ్మా, మరి విషం ఎట్లా వచ్చింది?" అంది ఓ రోజు. నేను సమాధానం చెప్పలేదు. అదే కాసేపు తన చేతుల్ని చూసుకుంది.

ఆరోవారం రెండు విషాలూ సున్నాకి దిగాక నాలుగే నాలుగు గప్పీలు తెచ్చాం. సంచీని పావుగంట తొట్టిలో తేలనిచ్చి, మూతి విప్పింది అదే.

మొన్న మా అత్తగారు ఫోన్ చేశారు. పిల్లలు పెట్టాయిట. "పదిహేడు. నే లెక్కబెట్టా. ఇది పంతొమ్మిదంటంది, నువ్వన్నా చెప్పు!"