గూడూరు దారిలో గాలి లెక్క

నర్సంపేట నుంచి గూడూరు మీదుగా మానుకోట దాకా తారు రోడ్డే. నకిరేకల్ నుంచి మల్లంపల్లికి పోయే 365వ నంబరు జాతీయ రహదారిలో ఇదొక ముక్క. దీని మీదే పోయి దీని మీదే వచ్చేవాళ్ళు టైరు గురించి తలపట్టుకోనక్కర్లేదు. తారుకూ మట్టికీ పనికొచ్చే బండి కొన్నవాళ్ళకు మాత్రం పక్క బాటలే పిలుస్తాయి. ఎర్రమట్టి, మొరం, రేగడి, అడవి రాళ్ళు అన్నీ ఈ కాస్త దూరంలోనే తగులుతాయి.

రాయల్ ఎన్‌ఫీల్డ్ 2016లో తెచ్చిన హిమాలయన్‌కు ముందు చక్రం 21 అంగుళాలు, వెనకది 17. హీరో ఎక్స్‌పల్స్ 200కు ముందు 21, వెనక 18. ముందు చక్రం పెద్దదైతే గుంతలో పడి ఆగదు, రాయెక్కి దాటుతుంది. అది కంపెనీ చేసిన మేలు. మిగతాది మనం చూసుకోవాలి, అందులో సగం గాలే. కొత్త టైర్లకు వేలు పోసే ముందు ఉన్న టైర్లలో గాలి సరిచూసుకోండి.

నర్సంపేట నుంచి తూర్పుకు పోతే పాకాల చెరువు వస్తుంది. 13వ శతాబ్దంలో, కాకతీయ గణపతిదేవుడి కాలంలో కట్టింది. దీని నీళ్ళే వాగై గూడూరు వైపు దిగి, కిందకు పోయాక మున్నేరై, ఖమ్మం దాటి కృష్ణలో కలుస్తాయి. చెరువు చుట్టూ అభయారణ్యం. ఇక్కడ ఉన్న బాట మీదే నడపాలి. బొడిపెలున్న బటన్ టైరు తడి నేలలో ఒక్క గాడి తీస్తే చాలు, తర్వాతి వాన ఆ గాడినే కోసుకుంటూ పోతుంది.

గూడూరు మండలంలో సీతానగరం దగ్గరి భీమునిపాదం జలపాతానికి పోవాలంటే అసలు పని మొదలవుతుంది. తారు వదిలేచోట బండి ఆపి గాలి తీయాలి. పాత హిమాలయన్‌కు ఒక్కరే ఎక్కితే ముందు 25, వెనక 32 పిఎస్‌ఐ పెట్టమంటారు. ఆ గాలితో మొరం మీద టైరు ఎగిరెగిరి పడుతుంది, నేలకు ఆనేది కొంచెమే. ముందు 20, వెనక 22కు దించితే అడుగు వెడల్పై పట్టు దొరుకుతుంది, హ్యాండిల్ అదరడం తగ్గుతుంది. ఇంకా దించాలనిపిస్తుంది కానీ ఇవి ట్యూబు టైర్లు. రాయి గట్టిగా తగిలితే ట్యూబు రిమ్ము అంచు కింద నలిగి, పక్కపక్కనే రెండు చీలికలు పడతాయి.

ఇంకో ప్రమాదం వాల్వు దగ్గర. గాలి తక్కువగా ఉన్నప్పుడు యాక్సిలరేటర్ గట్టిగా తిప్పితే టైరు రిమ్ము మీద జారి ట్యూబును వెంట లాక్కుపోతుంది. నిటారుగా ఉండాల్సిన వాల్వు ఒక పక్కకు ఒరుగుతుంది. చూసుకోకుండా అలాగే నడిపితే దాని మొదలు తెగుతుంది, ఆ ట్యూబుకు ప్యాచ్ పనిచేయదు. అందుకే వాల్వు నట్టును రిమ్ముకు బిగించకుండా పైకి, క్యాపు దాకా తిప్పి పెట్టాలి. ఒరగడానికి చోటుంటుంది, ఒరిగితే కంటికి కనిపిస్తుంది. మరీ తక్కువ గాలితో తిరిగేవాళ్ళు టైరును రిమ్ముకు బిగించి పట్టే రిమ్ లాక్ వేయించుకోవడం మంచిది.

వానాకాలం రేగడిలో గాలి తగ్గించినా పెద్ద లాభం లేదు. బటన్ల మధ్య సందు బాగా ఉన్న టైరే తిరుగుతూ మట్టిని విసిరేసుకుంటుంది. సందు తక్కువైతే జిగురు మట్టి నిండి టైరు అరటి బోదెలా నున్నగా అవుతుంది. మడ్‌గార్డు కిందా అదే మట్టి పట్టి చక్రం ఆగిపోతుంది. ఇక దిగి పుల్లతో గీకాల్సిందే. అలాగని పూర్తి మట్టి టైర్లు వేయించుకుంటే తారు మీద త్వరగా అరుగుతాయి, తడి రోడ్డు మీద బ్రేకుకు జారతాయి. ఒక్కదానికే డబ్బులుంటే ముందు చక్రానికి మంచి బటన్ టైరు వేయించమంటాను. వెనక చక్రం జారితే చాలాసార్లు సర్దుకోవచ్చు, ముందుది జారితే పడిపోవడమే. పాకాల వాగు రోడ్డెక్కి పారుతుంటే మాత్రం ఏ టైరూ ఆదుకోదు, వెనక్కి తిరగండి.

మానుకోట వైపు మళ్ళీ తారెక్కే ముందు గాలి నింపాలి. 20 పిఎస్‌ఐతో వేగంగా మలుపు తిరిగితే టైరు పక్కలు ముడుచుకుంటాయి, వేడెక్కుతాయి. పంపూ గేజీ బండిలోనే ఉంచుకోండి. కంపెనీ చెప్పే అంకెలు చల్లటి టైరువి. నడిచి వచ్చిన టైరులో గాలి ఎక్కువే చూపిస్తుంది, అది చూసి తగ్గించకండి.