నీళ్లు పుట్టించదు, దాస్తుంది

మన జగ్గయ్యపేట మెట్టలో మిరప నాటాక వాన మొహం చాటేస్తే ఏమవుతుందో మీకు చెప్పక్కర్లేదు. అందుకే నిరుడు హైడ్రోజెల్ వేశా. ఢిల్లీలోని భారత వ్యవసాయ పరిశోధనా సంస్థ తయారుచేసిన పూసా హైడ్రోజెల్ శుద్ధమైన నీళ్లలో తన బరువుకు 350 రెట్లు పీల్చుకుంటుంది. ఎకరాకు 1 నుంచి 2 కిలోలు చాలు.

నా తప్పేంటంటే, యూరియా చల్లినట్టు పైపైన చల్లేశా. పీల్చిన తేమంతా ఎండకే పోయింది, డబ్బు మట్టిపాలు. ఈసారి పొడి మట్టిలో కలిపి, నాటేముందు సాళ్లలో వేరు అందే లోతున వేశా. వాన ఎడమిచ్చినా మొక్క తొందరగా వాడలేదు.

ఒక్క మాట గుర్తుంచుకోండి. ఇది నీళ్లు పుట్టించదు, పడ్డ వానను దాస్తుంది, అంతే. ఉప్పునీటి బోరైతే అంతగా ఉబ్బదు. కొనేముందు చిటికెడు గ్లాసులో వేసి, మీ బోరు నీళ్లతోనే చూడండి. మొదట నాలుగు సాళ్లకే వేయండి.